గీత గారి మొహమాటం

పశువుల ఆస్పత్రి వాళ్ళు గీసిన సున్నం గీత సోమవారం తెల్లవారేసరికి తనంతట తాను కదిలి వచ్చి, అరవింద నగర్ రెండో వీధి మొదట్లో అడ్డంగా పడుకుని ఉంది. పాలకి వెళ్ళినవాళ్ళు దాన్ని దాటుకుని వెళ్ళి, దాటుకుని వచ్చారు. స్కూటర్ల వాళ్ళు మాత్రం కాస్త విసుక్కున్నారు. కదిలినందుకు కాదు. కదిలేదేదో ఇంకాస్త పక్కకి కదలొచ్చు కదా అని.

ఊరి చివర కోళ్ళఫారంలో కోళ్ళు గుంపులుగా చచ్చిపోవడంతో, బర్డ్ ఫ్లూ బయటికి పాకకుండా ఫారం చుట్టూ కిలోమీటరు దూరాన గీసిన గీత అది. లోపలున్న కోళ్ళన్నిటినీ చంపి పూడ్చాలి. లోపల కోడి గాని గుడ్డు గాని అమ్మకూడదు. లోపలి మనుషులకి రోజూ జ్వరం చూడాలి, దగ్గొస్తే ముక్కులో పుల్ల పెట్టి పరీక్ష చెయ్యాలి, అవసరమైతే మందివ్వాలి. బయటివాళ్ళకి ఈ బాధలేవీ లేవు. మిగతా ఊళ్ళలో ఇలాంటి గీతలు గీసినచోట గీసినట్టే, గుంజకి కట్టేసినట్టు పడి ఉంటాయి. ఈ గీతని మాత్రం ఈ ఊరి సున్నంతో, ఈ ఊరి మనుషుల చేతే గీయించారు. అందువల్ల దానికి మొహమాటం అబ్బింది. ఎవరైనా మర్యాదగా అడిగితే కాదనలేదు.

ఈ సంగతి మొదట కనిపెట్టినవాడు ఫంక్షన్ హాలు ఓనరు. "రిసెప్షన్ ఉందండి. రెండ్రోజులు అవతలికి సర్దుకుంటే మీకు పుణ్యం ఉంటది," అని ఊరికే అని చూశాడు. గీత పిండి జల్లెడ పట్టిన చప్పుడు చేస్తూ లేచి, హాలు వెనక్కి వెళ్ళి పడుకుంది. ఆ తర్వాత కోచింగ్ సెంటరు వాళ్ళు అడిగారు. ఆ తర్వాత వెంచరు వాళ్ళు అడిగారు, ప్లాట్ల మధ్యలోంచి జబ్బు గీత పోతుంటే కొనేవాడు ఎవడని. గీత ఎవరికీ లేదనలేదు. ఆడవాళ్ళు దాన్ని గీత గారు అనడం మొదలుపెట్టారు. అది మామూలు గీతో, గీత అనే పేరు గల మనిషో ఆ తర్వాత ఎవరూ విడమరిచి చూసుకోలేదు. ఒకావిడ గుమ్మం ముందు నుంచి పొమ్మని చెప్పలేక, ముందు బొట్టు పెట్టి తర్వాత చెప్పింది.

పశువుల శాఖవాళ్ళు రోజూ సాయంత్రం మ్యాపు సవరించేవారు. మొదటి రోజు మ్యాపులో గీత అట్టులా గుండ్రంగా ఉంది. మర్నాటికి కజ్జికాయ అయింది. ఆ మర్నాటికి జిలేబీ. ఎక్కడికక్కడ లోపలికి నొక్కుకుపోవడం వల్ల అసలు ఫారంలోనే సగం షెడ్లు గీత బయటికి వచ్చేశాయి. బయట జబ్బు ఉండదు కాబట్టి, ఆ షెడ్లలో చచ్చిపోతున్న కోళ్ళని ఎండదెబ్బ కింద రాశారు. అది మాఘమాసం. పొద్దున్నే మంచు పడుతోంది.

రెండో వీధిలో మొదటి ఇల్లు మట్టపర్తి సోమేశ్వరరావుది. రిజిస్ట్రార్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. తూర్పు ఫలానా, పడమర ఫలానా అని ఊరందరి హద్దులూ ఆయన కళ్ళ ముందు నుంచే పోతాయి. హద్దు అన్నది రాసేదాకా ఎంత మెత్తగా ఉంటుందో ఆయనకి తెలిసినంతగా ఆ ఊళ్ళో మరొకరికి తెలీదు. అందుకే గేటు ముందు గీతని చూసి కంగారు పడలేదు. కాఫీ తాగి, లుంగీ తీసి ప్యాంటు వేసుకుని, పద్ధతిగా మాట్లాడదామని బయటికొచ్చాడు.

ఆయనకి ఉన్న తొందర ఒక్కటే. ఆదివారం విశాఖపట్నం నుంచి తోడల్లుడు ప్రభాకర్ కుటుంబంతో భోజనానికి వస్తున్నాడు. కిందటేడు వీళ్ళు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ప్రభాకర్ కంజుపిట్టల వేపుడు పెట్టి, తినేంతసేపూ "ఇవి మీ వైపు దొరకవేమో అన్నయ్యగారూ" అంటూనే ఉన్నాడు. ఆ మాట ఏడాదిగా సోమేశ్వరరావు గొంతులో ముల్లులా ఉండిపోయింది. దానికి జవాబుగా మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడన కొన్ని నాటు పెట్టలు పెరుగుతున్నాయి. ఆయన భార్య సత్యవేణి వాటికి గంట్లు, నూకలు వేసి, అన్నం తినకపోతే బతిమాలి మరీ పెంచింది. ఇప్పుడు ఇల్లు గీత లోపల పడిందంటే ఆ పెట్టలు గోతిలోకి, తోడల్లుడి విస్తట్లోకి దొండకాయ వేపుడు.

ఆయన గీతతో మాట మొదలుపెట్టబోతుండగా పశువుల డాక్టరమ్మ ప్రమీలారాణి వచ్చింది. మాస్కు, చేతులకి గ్లవుజులు, మోకాళ్ళదాకా బూట్లు. ఇంటింటికీ అడుగుతూ తిరుగుతోంది. వెనక ఆటోలో మైకు ఆవిడ గొంతుతోనే చెప్పుకుంటూ పోతోంది. చచ్చిన కోడినీ, నీరసంగా ఉన్న కోడినీ ఉత్తచేతులతో ముట్టుకోకండి. కోయకండి, కాలవలో వెయ్యకండి. మాకు ఫోన్ చెయ్యండి, మేమొచ్చి పూడుస్తాం. బాగా ఉడికింది తింటే రాదు, పచ్చిదాన్ని ముట్టుకుంటే వస్తుంది.

"మీ ఇంట్లో పక్షులేమన్నా ఉన్నాయాండీ?" అంది డాక్టరమ్మ, గీతకి అవతలే నిలబడి.

"లేవండి," అన్నాడు సోమేశ్వరరావు.

మేడ మీద ఏదో కొక్కొక్కో అంది. డాక్టరమ్మ పైకి చూసింది. ఆయన కూడా మర్యాదకి పైకి చూశాడు.

ఆయన అబద్ధమాడలేదు. చిలక పక్షి. పిచ్చిక పక్షి. కొంగని కూడా కావాలంటే పక్షి అనొచ్చు. పక్షి అంటే ఎగరాలి, కోడి అంటే ఉడకాలి. కోడిని పట్టుకుని పక్షి అన్న మనిషిని ఆ వీధిలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. పక్షుల జబ్బు పక్షులకొస్తుంది. కోళ్ళకొచ్చేది కొక్కెర తెగులు. అది తాతల నాటి నుంచీ ఉన్నదే, దానికి ఆటోలూ మైకులూ ఎందుకు?

డాక్టరమ్మది కూడా ఈ ఊరే. గట్టిగా అడిగితే బాగోదనుకుందో ఏమో, "సరేనండి, ఉంటే చెప్పండి," అని రాసుకుని వెళ్ళిపోయింది.

ఆమె సందు మలుపు తిరిగాక సోమేశ్వరరావు గీత పక్కన గొంతుక్కూచున్నాడు. "చూడండి గీత గారూ. ఆదివారం చుట్టాలొస్తున్నారు. మీరు ఇక్కడుంటే మాకేం ఇబ్బంది లేదు. వాళ్ళేవన్నా అనుకుంటారేమోనని. మా వెనకాల ఖాళీ స్థలం ఉంది. గాలి కూడా బాగా వస్తది."

గీత ఒక్క క్షణం వణికింది. తర్వాత మంచులో మంచు కలిసినట్టు తెల్లగా లేచి, గోడ వారగా జారుకుంటూ వెళ్ళిపోయింది. గేటు ముందు సున్నపు వాసన కాసేపు ఉండి పోయింది. వీధి మొత్తం గీత బయటికొచ్చింది. ఆ సాయంత్రం ఆయన్ని వీధివాళ్ళు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

ఆ తర్వాత రెండ్రోజుల్లో మేడ మీద రెండు పెట్టలు మెడలు వాల్చి కూచున్నాయి. వాటి జుట్టు నేరేడు పండు రంగుకి తిరిగింది. సత్యవేణి వాటిని ఒళ్ళో పెట్టుకుని, ముక్కు తెరిచి పసుపూ వెల్లుల్లీ నూరి పోసి, కారుతున్న చొంగని చీర చెంగుతో తుడిచింది.

"కొక్కెరేనంటారా?" అని అడిగింది.

"కొక్కెరే," అన్నాడాయన. "మనం గీత బయట ఉన్నాం కదే."

రెండూ చచ్చిపోయాయి. పూడ్చడానికి వీధిలో మట్టి ఎక్కడా లేదు, అంతా టైల్సే. వెనక ఖాళీ స్థలంలో గీత గారున్నారు, బాగోదు. ఆయన వాటిని చీరల షాపు కవరులో పెట్టి, పొద్దున్నే వాకింగుకి కాలవ గట్టుకి తీసుకెళ్ళాడు. ఆ పొద్దున గట్టు మీద నడుస్తున్నవాళ్ళలో చాలామంది చేతుల్లో చీరల షాపు కవర్లున్నాయి. పొగమంచులో ఒకరికొకరు నీడల్లా ఎదురొచ్చారు.

"వాకింగాండీ?" అన్నాడు కాలనీ ప్రెసిడెంటు గుత్తుల భాస్కరం.

"ఆయ్, వాకింగేనండి," అన్నాడు సోమేశ్వరరావు.

ఇద్దరూ చెరో వైపుకి తిరిగి నిలబడ్డారు. రెండు చప్పుళ్ళయ్యాయి. కవర్లు నెమ్మదిగా దిగువకి తేలిపోయాయి, తెల్లారకముందే పెళ్ళికి బయల్దేరినవాళ్ళ సామాన్లలాగా. దిగువన చేలల్లో బాతుల మందలు కాలవ నీళ్ళకి దిగుతున్నాయి. అటు ఎవరూ చూడలేదు. అటు చూస్తే మంచులో ఏదీ సరిగా కనిపించదు కూడా.

శనివారం సాయంత్రానికి ఇంకో పెట్ట మెడ వాల్చింది.

"ఇది కూడా పోయేలా ఉందండి," అంది సత్యవేణి.

"చచ్చేలోపు కోసేద్దాం," అన్నాడాయన. వృథా చెయ్యడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. ఆదివారం పొద్దున్నే సత్యవేణి దాన్నీ, ఇంకా బాగున్నవాటినీ కోసి, ఈకలు పీకి, మంట మీద కాల్చి, పెరట్లో పీట వేసుక్కూచుని ముక్కలు కొట్టింది. ఈకలు చాలాసేపు పెరట్లో గాల్లో తేలుతూ ఉన్నాయి. కొన్ని ఆవిడ తల్లో చిక్కుకున్నాయి. ఆ ఎండలో చూడ్డానికి మల్లెపూలలాగే ఉన్నాయి.

పులుసు బ్రహ్మాండంగా కుదిరింది. ప్రభాకర్ మూడుసార్లు వేయించుకున్నాడు. "బర్డ్ ఫ్లూ అంటారు గానీ అన్నయ్యగారూ, డెబ్బై డిగ్రీలు దాటి ఉడికితే ఏ వైరసైనా చావాల్సిందే. జనానికి సైన్సు తెలీదు," అన్నాడు. అది నిజమే. ఉడికిన కూరలో ఏమీ లేదు, తిన్నవాళ్ళకి ఏమీ కాలేదు. వండిన మనిషి సంగతి అప్పటికి ఎవరి మాటల్లోనూ రాలేదు, ఆవిడ వంటింట్లో ఉంది కాబట్టి.

అదే రోజు గీత ఊరు దాటిపోయిన సంతోషంలో ఫంక్షన్ హాల్లో ఉచిత చికెన్ మేళా జరిగింది. పదిహేను రోజులుగా భయపడి చికెన్ షాపు వైపు తొంగి చూడనివాళ్ళంతా క్యారియర్లతో వచ్చి వరసలో నిలబడ్డారు. కొనుక్కుంటే వచ్చే జబ్బు ఉచితంగా పెడితే రాదని ఎవరూ అనలేదు, కానీ అందరికీ తెలుసు. ఒకాయన స్కిన్‌లెస్ లేదా అని నొచ్చుకుని, రెండో క్యారియర్ కూడా నింపించుకుని వెళ్ళాడు.

చుట్టాలు వెళ్ళిన మూడో నాడు సత్యవేణికి జ్వరం వచ్చింది. మర్నాటికి కళ్ళు ఎర్రబడ్డాయి, నాలుగు మాటలు ఆడితే ఆయాసం. ఆస్పత్రిలో కుర్ర డాక్టరు ఆవిడ ఛాతీ మీద గొట్టం పెట్టి విని, మొహం మార్చుకుని, ముందు అడగవలసిన ప్రశ్న అడిగాడు.

"మీది గీత లోపలాండీ, బయటాండీ?"

"బయటండి."

"అయితే మామూలు జ్వరం. పరీక్ష పుల్లలు, ఆ మందు లోపలివాళ్ళకే. బయటివాళ్ళకి వాడితే నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి."

"మా ఇంట్లో చచ్చిపోయాయండి," అన్నాడు సోమేశ్వరరావు. "ఈవిడే చూసింది వాటిని. చేత్తో."

డాక్టరు కంప్యూటర్లో వెతికాడు. "మీ ఇంట్లో పక్షులు లేవని ఉందండి."

"కోళ్ళండి."

"కోడి పక్షే కదండీ," అన్నాడు డాక్టరు నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

సోమేశ్వరరావు బల్ల మీద పడుకున్న భార్య వైపు చూశాడు. ఆవిడ రెప్పలు సగం వాలి ఉన్నాయి. పాతికేళ్ళుగా ఎప్పుడూ ఒకరి పక్కన ఒకరు పడుకున్నా ఆవిడ ఊపిరి చప్పుడు ఆయన విన్నది ఇదే మొదటిసారి. తడి గుడ్డ చింపుతున్నట్టుంది.

"లోపలికి రావాలంటే ఏం చెయ్యాలండి?" అని అడిగాడు.

"గీత వస్తే వచ్చినట్టేనండి," అన్నాడు డాక్టరు. "రూలు అంతే."

ఆయన భార్యని ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టి, గీతని వెతకడానికి బయల్దేరాడు. వెనక ఖాళీ స్థలంలో లేదు. అక్కడ ఎవరో పునాదులు తీస్తూ పంపించేశారు. శ్మశానం వైపు వెళ్ళిందన్నారు. శ్మశానం కమిటీ వాళ్ళు ఇక్కడ ఉన్నవాళ్ళకి ఇబ్బంది అని చెప్పి పంపించేశారట. ఫారం దగ్గర అసలు లేదు. ఫారం యజమాని తన గేటు దగ్గర గీతకి మంచినీళ్ళు చల్లి, కాళ్ళకి దణ్ణం పెట్టి, ఎప్పుడో సాగనంపాడు. గీతకి కాళ్ళెక్కడున్నాయని ఎవరూ అడగలేదు.

చివరికి ఊరి బయట కోర్టు కేసులో ఉన్న స్థలంలో దొరికింది. అన్నదమ్ములు పదకొండేళ్ళుగా కొట్లాడుకుంటున్న స్థలం అది. యజమాని ఎవరో తేలలేదు గనక, గీతని పొమ్మని అడిగే హక్కు ఎవరికీ లేదు. మోకాలెత్తు గడ్డి పూలు పూసి తెల్లగా ఊగుతోంది. దాని మధ్య గీత చిన్నగా, తడక మీద ఆరేసిన పంచె అంత పొడవున ముడుచుకుని పడుకుని ఉంది. దాని లోపల ఏమీ లేదు. కాస్త గడ్డి, ఎండ. ఊరి జబ్బు మొత్తం అధికారికంగా ఆ కాస్త గడ్డిలోనే ఉంది.

"గీత గారూ," అన్నాడు సోమేశ్వరరావు. "మా ఇంటికి రండి."

గీత కదల్లేదు. దాన్ని రమ్మన్నవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. ఏం చెయ్యాలో తెలియనట్టు రెండు కొసలూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"మా ఆవిడకి బాగోలేదండి. మిమ్మల్ని ఆ రోజు నేనే పొమ్మన్నాను. మనసులో పెట్టుకోకండి. రండి."

రమ్మంటే కూడా కాదనలేని మొహమాటం దానిది. మెల్లగా లేచి, ఆయన వెనకాలే, కుచ్చిళ్ళు జారిపోయిన చీరలా రోడ్డు మీద ఈడ్చుకుంటూ వచ్చింది. కాలనీలోకి రాగానే గేట్లు తెరుచుకున్నాయి. ఎవరూ గొడవ చెయ్యలేదు. అందరూ మంచివాళ్ళే.

"మా గేటు ముందు నుంచి వద్దండి సోమేశ్వరరావు గారూ, అద్దెకి చూడ్డానికొస్తున్నారు," అన్నాడు భాస్కరం. "అదిగో, ఆ కాలవ పక్కగా పోనివ్వండి."

గీత మురుగుకాలవలోకి దిగింది. కొంత సున్నం అక్కడ కరిగిపోయింది. తర్వాతి ఇంటివాళ్ళు గోడ ఎక్కించమన్నారు, కొంత అక్కడ రాలిపోయింది. ఇంకో ఇంటివాళ్ళు ముందు గట్టిగా దగ్గి, తర్వాత మాస్కు పెట్టుకుని, దయచేసి కాస్త దూరంగా అన్నారు. వాళ్ళ మేడల మీద పెట్టలు మెడలు వాల్చుకుని, ఊరేగింపు చూస్తున్నట్టు కిందికి చూస్తున్నాయి. ఇంటికి చేరేసరికి మిగిలిన గీత ఒక్క మంచం చుట్టూ రావడానికి సరిపోయింది. అదీ, మంచాన్ని గోడకి ఆనించాక.

అది చాలు. రూలు ప్రకారం సత్యవేణి ఇప్పుడు లోపల ఉంది. గంటలోపే ప్రమీలారాణి, ఆస్పత్రి మనుషులూ తెల్లటి గౌన్లలో వచ్చారు. ముక్కులో పుల్ల పెట్టారు, ఆక్సిజన్ పెట్టారు, మందు వేశారు. వెళ్ళేటప్పుడు డాక్టరమ్మ గుమ్మం దగ్గర ఆగి ఆయన్ని చూసింది.

"ఆ రోజు నేనడిగినప్పుడు చెప్పాల్సిందండి."

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకనండి," అన్నాడాయన.

"నేనూ గట్టిగా అడగలేకపోయాను," అంది ఆవిడ. తర్వాత ఆవిడ బూట్లకి మందునీళ్ళు కొట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రానికి సత్యవేణికి జ్వరం కాస్త దిగింది. ఆయన గీతకి ఇవతల కుర్చీ వేసుక్కూచున్నాడు. కిటికీలోంచి వచ్చిన వెలుతురులో గీత ఆవిడ మంచం చుట్టూ సన్నగా, పాలమీగడలా మెరుస్తోంది.

"ఏవండీ," అంది ఆవిడ మాస్కులోంచి. "ఒకటి చెప్పాలి. మీరు కోప్పడకూడదు."

"చెప్పు."

"ఆదివారం అన్నీ కొయ్యలేదు. ఒక పెట్ట చలాకీగా ఉంది కదా అని... మా చెల్లి లీల పిల్లాడు ముచ్చటపడ్డాడు. అట్టపెట్టెలో పెట్టి పంపించాను."

సోమేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు.

"ఇప్పుడే ఫోన్ చెయ్యండి," అంది ఆవిడ. "ముట్టుకోవద్దని చెప్పండి. వాడు దాన్ని పక్కలో వేసుకు పడుకునే రకం."

ఆయన ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళాడు. రెండు రింగులకే ప్రభాకర్ ఎత్తాడు.

"అన్నయ్యగారూ, నూరేళ్ళు మీకు. ఇప్పుడే మీ పులుసు గురించే మా ఆఫీసులో చెప్తున్నాను. ఏం రుచండీ. అంత కోడి మా వైపు దొరకదు, ఒప్పుకోవాలి."

ఏడాదిగా గొంతులో ఉన్న ముల్లు మెత్తగా కరిగిపోవడం సోమేశ్వరరావుకి తెలిసింది.

"మీరిచ్చిన పెట్ట కూడా బాగుందండి," అన్నాడు ప్రభాకర్. "నిన్నట్నుంచి కాస్త మెడ వాల్చింది. ప్రయాణం బడలికేమో. మావాడు ఒళ్ళోంచి దింపట్లేదు. చెప్పండి, ఏంటి విశేషాలు?"

సోమేశ్వరరావు నోరు తెరిచాడు. చెప్పాలనే తెరిచాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మనం పెట్టిన కోడిని మనమే జబ్బు కోడి అని ఎలా అంటాం? పైగా ప్రభాకర్ అంత సంతోషంగా ఉన్నప్పుడు? రేపు పొద్దున చెప్పొచ్చు. లీలకి సత్యవేణి చేత చెప్పిస్తే ఇంకా బాగుంటుంది, ఆడవాళ్ళు ఆడవాళ్ళు మాట్లాడుకుంటారు.

"ఏం లేదు తమ్ముడూ," అన్నాడు. "ఊరికే చేశాను."

ఆయన లోపలికొచ్చేసరికి సత్యవేణి తలెత్తి గుమ్మం వైపే చూస్తోంది.

"చెప్పారా?"

"చెప్పాను."

ఆవిడ కళ్ళు మూసుకుని తల దిండు మీదికి వాల్చింది. ఆయన మళ్ళీ కుర్చీలో కూచున్నాడు. రేపో ఎల్లుండో విశాఖపట్నంలో కూడా ఒక గీత గీస్తారు. అది పెద్ద ఊరు. అక్కడి గీతలకి మొహమాటం ఉండదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆయన, గీతకి తగలకుండా, కాళ్ళు కాస్త చాపుకున్నాడు.